జోగినాథం గారి చేతివాటం

మంత్రిగారి ఫోను వచ్చే సమయానికి కుళాయి మంజూరు సంస్థ డైరెక్టరు శశాంకధర్ గారి ఎడమ చేతిలో విందు పళ్ళెం, కుడి చేతిలో సంస్థవారిచ్చిన ఫోను ఉన్నాయి. పళ్ళెంలో గులాబ్ జామూన్లు పాకంలో తేలుతున్నాయి. ఫోను పిల్లల పలకంత ఉంటుంది. కింది అంచున పట్టుకున్నవాడి బొటనవేలు పై మూలకి చేరాలంటే ఆ వేలికి ఇంకో కణుపు మొలవాలి. మొలవలేదు. డైరెక్టరుగారు వేలిని సాగదీశారు, మెడను సాగదీశారు, ఆఖరికి నాలుక కూడా బయటపెట్టారు. పచ్చ బొత్తాం అందలేదు గానీ ఫోను జారి పాకంలో పడింది. అందులోంచే కాసేపు మోగి ఊరుకుంది.

మర్నాటికల్లా సంస్థలో ఏకహస్త పరిపాలన అమల్లోకి వచ్చేసింది.

"దేవుడు మనిషికి రెండు చేతులిచ్చాడు," అని డైరెక్టరుగారు సిబ్బంది సమావేశంలో సెలవిచ్చారు. "మీరు ఆ రెండూ ఫోనుకే సమర్పించేసుకుంటున్నారు. ఒక చేత్తో పట్టుకుంటారు, ఇంకో చేత్తో నొక్కుతారు. మరి ప్రజలకేదయ్యా చెయ్యి? ఇకమీదట సంస్థ ఫోనుని ఒంటి చేత్తోనే నడపాలి. రెండో చెయ్యి ప్రజలది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆఫీసులో రెండు చేతులూ కలిపి చేసే ఆఖరి పని అదేనని అప్పటికి వాళ్ళకి తెలియదు.

వెనక వరసలోంచి సూపరింటెండెంటు జోగినాథం లేచి, "అయితే కాస్త చిన్న ఫోన్లు కొనిపిస్తే సరిపోతుంది కదండీ," అన్నాడు.

డైరెక్టరుగారు జాలిగా చూశారు. "ఈ ఫోన్లు కొన్నదెవరు? సంస్థ. ఇప్పుడు చిన్నవి కొంటే, పెద్దవి కొనడం పొరపాటని సంస్థ ఒప్పుకున్నట్టు. సంస్థ పొరపాటు చేస్తుందా? చెయ్యదు. కాబట్టి ఫోను సైజు సరిగ్గానే ఉంది. సైజుకి రానిది చెయ్యి."

జోగినాథం తన చేతుల వంక ఓసారి చూసుకుని కూర్చున్నాడు.

ఈ జోగినాథం గురించి నాలుగు ముక్కలు చెప్పుకోవాలి. ఏడాది చివర్న రిటైరవబోతున్న మనిషి. నోట్లు చేతులు మారకుండా కాగితం కదలని ఆఫీసులో ఇన్నేళ్ళూ పనిచేసి, ఒక్కరి దగ్గర టీ నీళ్ళు కూడా తాగలేదు. మజ్జిగ ఇంటి దగ్గర్నుంచే సీసాలో తెచ్చుకునేవాడు. ఆయన కూడబెట్టిన ఆస్తి ఏదైనా ఉందంటే ఆ మంచిపేరు ఒక్కటే. వీధిలో నడుస్తుంటే, "నిప్పులాంటి మనిషి" అని ఎవరో ఒకరు అనేవారు. ఆ మాట విన్నరోజు ఆయన మజ్జిగ మరికాస్త రుచిగా ఉండేది. పక్క టేబులు తాతారావు లాంటివాళ్ళు మాత్రం చాటుగా, "తీసుకోకపోవడం కాదర్రా, తీసుకోవడం చేతకాదు," అనుకునేవారు. ఆయనకి మరో గర్వం కూడా ఉంది. పైనుంచి ఇంగ్లీషులో ఏ ఉత్తర్వు వచ్చినా దాన్ని అచ్చమైన తెలుగులోకి దించేది ఆయనే. ఆయన పుట్టుకతో ఎడమచేతి మనిషి. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ అవసరం పడలేదు.

అవసరం ఇప్పుడు పడింది. సంస్థ ఒక కన్సల్టెంటుని పెట్టుకుంది. ఆయన నెల్లాళ్ళు ఆలోచించి, ఫోనులోనే ఒక కిటుకుందని కనిపెట్టాడు. అది నొక్కితే తెర మొత్తం కుంచించుకుపోయి అగ్గిపెట్టంత అయి, ఒక పక్కకి ఒదుగుతుంది. అప్పుడు బొటనవేలికి అన్నీ అందుతాయి. పలకంత ఫోను కొని, దాన్ని అగ్గిపెట్టె చేసుకుని వాడుకునే ఈ పద్ధతికి డైరెక్టరుగారు మురిసిపోయారు. చిక్కల్లా ఒక్కటే. తెర కుడి పక్కకి ఒదగాలా, ఎడమ పక్కకా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. అందుచేత ఎవరు ఏ చేతివారో ప్రకటించాలని, ఆ ప్రకటనని బట్టే ఫోనుకి తాళం వేస్తామని, ఆ తరవాత ఆ ఫోను ఆ చేతికి తప్ప ఇంకో చేతికి పలకదని ఇంగ్లీషులో ఉత్తర్వు దిగింది.

తెనిగించే పని జోగినాథానిది. ఉత్తర్వులో 'హ్యాండెడ్‌నెస్' దగ్గర ఆయన కలం ఆగింది.

"అంత ఆలోచనెందుకు గురువుగారూ," అన్నాడు తాతారావు. "కుడి చెయ్యా, ఎడమ చెయ్యా అని రాసి పారేయండి."

"అది ప్రశ్న అవుతుందయ్యా, పదం అవదు. మాటకి మాట ఉండాలి." జోగినాథం కళ్ళు మూసుకుని, తెరిచి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: చేతివాటం.

తాతారావు మొహం ఎర్రబడింది. పొట్ట ఊగింది. "గురువుగారూ, ఆ మాట... మన ఆఫీసులో... బాగుంటుందంటారా?"

"ఎందుకు బాగుండదు? కుడిచేతివాటం, ఎడమచేతివాటం అనరూ? భాష తెలియనివాళ్ళు నోరుజారి ఇంకో అర్థంలో వాడితే మాట చేసిన తప్పేంటి?"

"మాటదేం తప్పు లేదులెండి," అని తాతారావు నవ్వాపుకోవడానికి వరండాలోకి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా అందరి చొక్కాలకీ బ్యాడ్జీలు వేలాడాయి. ఒకరి ఫోను ఒకరు పట్టుకుంటే తనిఖీలో వెంటనే తెలియాలని డైరెక్టరుగారి తాపత్రయం. జోగినాథం గుండెల మీద నీలం రంగులో, దూరానికి కూడా కనిపించేలా ఉంది: 'కె. జోగినాథం, సూపరింటెండెంటు. చేతివాటం: ఎడమ.' ఆఫీసు మొత్తం మీద ఎడమ అని ఉన్నది ఆయనొక్కడికే. మిగతావాళ్ళందరికీ కుడి చేతివాటం ఉన్నట్టు సంస్థ ముద్రవేసి మరీ ధ్రువీకరించింది. ప్రజలు ఆ బ్యాడ్జీలు చదివి, ఇన్నాళ్ళకి ప్రభుత్వం నిజం చెప్పిందనుకుని సంతోషించారు.

ఇంతటితో ఆగితే అది సంస్థ ఎందుకవుతుంది? ఖాళీగా ఉన్న రెండో చెయ్యి ఏం చేస్తోందని డైరెక్టరుగారు ఆరా తీశారు. కొందరు జేబులో పెట్టుకుంటున్నారు, కొందరు గోక్కుంటున్నారు, కొందరు గడ్డం కింద ఆనించి కునుకుతున్నారు. ప్రజల చెయ్యంటే ఇంత నిర్లక్ష్యమా అని ఆయన బాధపడి, సేవాముద్ర ప్రవేశపెట్టారు. దాన్నీ జోగినాథమే తెలుగు చేశాడు: 'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఫోను పట్టని చేతిని, అరచేయి పైకి ఉండునట్లు, ప్రజల వైపు చాచి ఉంచవలెను. పని పూర్తియగువరకు వెనుకకు తీయరాదు.'

ఇప్పుడు ఆఫీసు ఎలా ఉందో చూడండి. బల్లకి ఒక ఉద్యోగి. గుండెల మీద చేతివాటం అని బోర్డు. ముందుకు చాచిన ఖాళీ అరచెయ్యి. ప్రజలకి చెప్పాల్సింది ఇంకేం మిగిలింది? తెలివైనవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, మామూలు వాళ్ళకీ అర్థమైపోయింది.

అయితే ఇక్కడే తాతారావు బృందానికి దెబ్బ తగిలింది. వాళ్ళ కుడిచేతుల్లో ఫోన్లున్నాయి. చాచినవి ఎడమచేతులు. మన దేశంలో ఎడమచేతిలో డబ్బు పెట్టే మనిషి ఎక్కడైనా ఉంటాడా? లంచమైనా లక్ష్మే కదా! వచ్చినవాళ్ళు ఆ చేతులు చూసి, "అశుభం, అశుభం" అనుకుంటూ పక్కకి జరిగి, ఆఫీసంతా వెతికి, కుడిచెయ్యి చాచి కూర్చున్న ఒకే ఒక్క మనిషి ముందు బారులు తీరారు. ఆ మనిషి జోగినాథం.

మొదటి నోటు అరచేతిలో పడ్డప్పుడు ఆయన తేలు కుట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. వెనక్కి తీయడానికి లేదు, రూలు. పక్కన పడేద్దామంటే ఎడమచేతిలో ఫోనుంది. తల అడ్డంగా ఊపాడు. చాలదంటున్నాడేమోనని ఆ మనిషి ఇంకో నోటు పెట్టాడు. గట్టిగా ఊపాడు. మూడోది పెట్టాడు. చివరికి జోగినాథం అరచేతిని తలకిందులు చేసి అన్నీ బల్లమీద రాల్చి, "పట్టుకుపోండి!" అని అరిచాడు. వరసలో ఉన్నవాళ్ళు, "ఈయన రేటు పెద్దదేరా," అని గుసగుసలాడుకున్నారు.

"మీ చేతివాటం చూస్తే ముచ్చటేస్తోంది గురువుగారూ," అన్నాడు తాతారావు కడుపుమంటతో. "ఇన్నేళ్ళూ దాచుకున్న కళని వడ్డీతో సహా బయటికి తీశారు."

జోగినాథం ఆ రోజు మజ్జిగ తాగలేదు.

మర్నాడు పైడమ్మ వచ్చింది. కొండవార పల్లె. కుళాయి కోసం వేసవి నుంచి తిరుగుతోంది. ఒక చంకలో కాళ్ళు కట్టిన కోడిపెట్ట, రెండో చేతిలో బొటనవేలంత బొత్తాల ఫోను. "ఆఁ, ఆపీసుకాడే ఉన్నానే కోడలా, పెట్టీయ్," అని అదే చేత్తో నొక్కి, అదే చేత్తో ఆ ఫోనుని రొంటిన దోపుకుంది. తరవాత జోగినాథం అరచెయ్యిని ఎగాదిగా చూసి, కోడిని తెచ్చి అందులో పెట్టింది.

"ఇదేంటమ్మా!" అన్నాడు జోగినాథం హడలిపోయి.

"డబ్బులు నేవు బావూ. ఈ పెట్టొకటే ఉంది. గుడ్లు పెడతాది. నీరు మోసి మోసి నా నడుం ఇరిగిపోయినాది. రెండు కోసులు పోవాల ఆ గెడ్డకాడికి. ఈపాలైనా కుళాయి ఏయించీ బావూ."

"నాకు కోడి వద్దు తల్లీ, తీసేయ్ దీన్ని! నీ కాగితం సక్రమంగానే ఉంది. స్థలం పరీక్ష చేసినవాళ్ళు శుక్రవారానికి రాసిపెడితే, నేను బొత్తాం నొక్కడమే. నీ కుళాయి నా పూచీ."

"ఊరికినేనా?" పైడమ్మ నమ్మలేకపోయింది. "మరి ఆ సెయ్యి సాసినావు గదా?"

ఆయన జవాబు చెప్పేలోపు డైరెక్టరుగారు తనిఖీకి ప్రవేశించారు. వెంట కన్సల్టెంటు. ఎడమచేతిలో ఫోను, కుడి అరచేతిలో కోడి, గుండెల మీద బ్యాడ్జీతో జోగినాథం కొయ్యబారి కూర్చున్నాడు. కోడి రెక్కలు కొట్టుకుంటోంది. ఆయన చెయ్యి మాత్రం రూలు ప్రకారం కదలలేదు.

"అద్భుతం!" అన్నారు డైరెక్టరుగారు. "ప్రజలకీ సంస్థకీ మధ్య ఇంతటి ఆత్మీయ స్పర్శ నా సర్వీసులో చూడలేదు. కదలకండి!" అని ఒంటి చేత్తో ఫోటో తీయబోయారు. ఫోను జారింది. కన్సల్టెంటు పట్టుకుని అందించాడు. మళ్ళీ తీశారు. మళ్ళీ జారింది. మూడోసారి కుదిరింది. ఆ ఫోటో రెండు రోజుల్లోనే సంస్థ వార్షిక నివేదిక అట్ట మీద రంగుల్లో అచ్చయింది. కింద 'ఏకహస్త పరిపాలన: మాటల్లేని విజయం' అని రాశారు.

నివేదిక అందరు పెద్దలతోపాటు నిఘా విభాగానికీ వెళ్ళింది. మాటల్లేకపోయినా వాళ్ళకి అర్థమైంది.

గురువారం నాడు నిఘా అధికారి కమలాకరం గారు దిగారు. గుసగుసలు అప్పటికే వీధి దాటి జోగినాథం ఇంటి గుమ్మం దాకా వెళ్ళాయి. ఆయన భార్య వరహాలుతో పక్కింటావిడ, "అన్నయ్యగారు ఆఖర్న బాగానే సర్దుకున్నారటగా వదినా," అన్నదట. వరహాలు ఆ మాట భర్తకి చెప్పి ఏడ్చింది. ఆ ఏడుపు చూసి వచ్చిన మనిషి, ఎలాగైనా సరే తన పేరు తను కాపాడుకోవాలని ఒట్టు పెట్టుకుని విచారణ గదిలో కూర్చున్నాడు.

"సూటిగా అడుగుతున్నాను," అన్నారు కమలాకరం గారు. "మీకు చేతివాటం ఉందా?"

"ఉందండి. ఎడమ."

"ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచీ అండి."

కమలాకరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. 'ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ' అని ఒప్పుకున్నవాళ్ళని చూశారు గానీ ఇంతటి నిజాయితీపరుణ్ణి ఆయన చూడలేదు. "ఇంట్లోవాళ్ళు మాన్పించలేదా?"

"మా నాన్నగారు చాలా ప్రయత్నించారండి. బెత్తంతో చేతిమీద కొట్టేవారు. బళ్ళో మేష్టార్లూ కొట్టారు. పోలేదు. లోపల్నుంచి వచ్చేది కదండీ."

"వంశంలో ఇంకెవరికైనా ఉందా?"

"మా మేనమామకి ఉండేదండి. దాంతోనే ఆయన మేడలు కట్టాడు."

"ఎన్ని?"

"చాలా అండి. తాపీమేస్త్రీ కదా."

కమలాకరం గారు 'బినామీ మేనమామ' అని రాసుకోవడం చూసి జోగినాథానికి అప్పుడు వెలిగింది. "అయ్యా, అయ్యా! నేను చెప్పేది వేరే చేతివాటమండి. ఆ మాటకి రెండర్థాలున్నాయి. దాన్ని ఉత్తర్వులో పెట్టింది నేనే!"

"ఉత్తర్వులోకి ఎక్కాక మాటకి ఒకటే అర్థం. అది ఏదన్నది నిర్ణయించడానికి నన్ను పంపించారు." కమలాకరం గారు గొంతు తగ్గించి దయగా అన్నారు: "చూడండి, జోగినాథం గారూ. వినడానికి మీరు మంచివారిలాగే ఉన్నారు. చేతివాటం ఉందంటే సస్పెన్షను. లేదంటే, లేనిది ఉందని పొరపాటున ప్రకటించినట్టు అవుతుంది. దానికి చిన్న మందలింపు, అంతే. ఉందా, లేదా?"

జోగినాథానికి వరహాలు మొహం గుర్తొచ్చింది. మజ్జిగ సీసా గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ బతుకు గుర్తొచ్చింది. బల్ల కింద ఎడమచేతిని గట్టిగా పిడికిలి బిగించి, "లేదండి," అన్నాడు.

"కుడి?"

"ఏ చేతికీ లేదండి."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. జోగినాథం కడిగిన ముత్యం. ఫోను తాళం కూడా ఆ ప్రకారమే సరిచేసి, పాత బ్యాడ్జీ తీసేసి కొత్తది ఇచ్చారు: 'చేతివాటం: లేదు.' ఆయన దాన్ని ఇంటికి తీసుకెళ్ళి భార్యకి చూపించాడు. వరహాలు దేవుడి దగ్గర దీపం పెట్టి, పరమాన్నం వండి, గిన్నెడు పక్కింటికి కూడా పంపింది. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయాడు.

శుక్రవారం పొద్దున్నే పైడమ్మ వచ్చింది. చంకలో కోడి ఉండనే ఉంది. ఆఫీసులో ఈలోపు ఒక మార్పు జరిగింది. తాతారావు తనకి ఏ చెయ్యైనా ఒకటేనని నిరూపించుకుని, బ్యాడ్జీ మీద 'చేతివాటం: రెండూ' అని రాయించుకున్నాడు. కన్సల్టెంటు ఆయన్ని ఉభయహస్త నిపుణుడని మెచ్చుకున్నాడు. ఫోను ఎడమచేతిలోకి మార్చుకుని శుభమైన కుడిచెయ్యి చాచి కూర్చున్న తాతారావు ముందు వరస గుమ్మం దాటి వరండాలోకి పాకింది. జోగినాథం ముందు ఈగ కూడా లేదు.

"రా తల్లీ, నీకోసమే చూస్తున్నాను," అని జోగినాథం ఉత్సాహంగా ఫోను తీశాడు. కిటుకు నొక్కాడు. తెర కుంచించుకుంది. ఏ పక్కకి ఒదగాలో దానికి తెలియలేదు. కుడికి జరగబోయి ఆగింది, ఎడమకి జరగబోయి ఆగింది, చివరికి నడిమధ్యన సన్నటి దారప్పోగులా నిలబడిపోయింది. మంజూరు బొత్తాం ఆ దారంలో ఎక్కడో చిక్కుకుంది. ఎడమ బొటనవేలితో పొడిచాడు, పలకలేదు. కుడి బొటనవేలితో పొడిచాడు, పలకలేదు. రెండు చేతులూ కలిపి పట్టుకోబోతే, రూలు గుర్తుచేస్తున్నట్టు బంట్రోతు దగ్గాడు.

పైడమ్మ కాసేపు ఆ తంటా చూసింది. పక్క వరసలో ఉన్న కుర్రవాణ్ణి గిల్లి, "బావూ, ఈయన గుండీకాడ ఏటి రాసున్నాదో సదువు," అంది.

"చేతివాటం లేదు అని ఉంది మామ్మా."

పైడమ్మ కళ్ళలో జాలి తిరిగింది. పాపం, ఒక్క వారంలో ఎంత పని జరిగిపోయింది!

"ఆగమ్మా, ఒక్క నిమిషం. ఎలాగైనా నేనే చేస్తాను," అన్నాడు జోగినాథం చెమటలు కక్కుతూ. "నీకు మాటిచ్చాను కదా!"

"నీ మంచితనం నానెరగనా బావూ," అంది పైడమ్మ మెత్తగా. "గానీ నీకు సేతివాటం నేదంటన్నారు గదా. మరి నీ వల్ల ఏటవుద్ది? నువ్వు కూకో, ఆయాసపడకు. ఎండ ముదిరిపోతంది, నాను ఎల్లి ఆ బావుని అడుగుతాను."

ఆమె వెళ్ళి పెద్ద వరస చివర నిలబడింది. తన వంతు వచ్చాక కోడిని తాతారావు చేతిలో పెట్టింది. తాతారావు ఫోను బల్లమీద పెట్టి, రెండు చేతులా అందుకుని బరువు చూశాడు. బంట్రోతు దగ్గలేదు. తరవాత తీరిగ్గా ఒక్క వేలితో బొత్తాం నొక్కాడు. కుళాయి మంజూరైంది.

పోతూ పోతూ పైడమ్మ జోగినాథం బల్ల దగ్గర ఆగి, "ఎల్లొస్తాను బావూ. నువ్వూ ఎవులికైనా సెప్పుకుని ఆ సేతివాటమేదో ఏయించుకో, పెద్దోడివి," అని చెప్పి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం దాకా జోగినాథం అలాగే కూర్చున్నాడు. మజ్జిగ సీసా మూత తీయలేదు. బల్ల సొరుగులోంచి ఒక తెల్ల కాగితం తీశాడు. ఎడమచేత్తో కలం పట్టుకున్నాడు. చాటుగా ఆ చెయ్యిని కుడిచేత్తో ఒకసారి నిమిరాడు. తరవాత ముత్యాల్లాంటి అక్షరాలతో, అచ్చమైన తెలుగులో డైరెక్టరుగారికి అర్జీ రాశాడు:

'అయ్యా, నిన్నటి దినమున నేను పోగొట్టుకొనిన చేతివాటమును, ప్రజల పనులు జరుగుట కొరకు, దయతో నాకు తిరిగి ఇప్పించవలసినదిగా ప్రార్థించుచున్నాను.'